మక్కకు దీర్ఘం లేదు

సోనాపూర్ క్యాంపు, సీ బ్లాకు, పద్నాలుగో రూము.
శుక్రారం వచ్చిందంటే నా మంచం చుట్టూ చెప్పులే.
ఇరవై ఐదేండ్ల కింది మాట.
నీలం కాయిదం మడతలల్ల
పన్నెండు మంది ఇండ్లకు నేనొక్కన్నే రాసేటోన్ని.
ఉత్తరానికి ఒక చాయ్. పండుగ దగ్గరకొస్తే ఆమ్లెట్ గూడ.

"నా పానం మంచిగనే ఉన్నదని రాయి"
అంటుండె నడిపి రాజన్న, నడుం పట్టుకొని.
మంచిగనే ఉన్నదని రాసేటోన్ని.
ఇంకొకడు పెండ్లాం పేరు చెప్పి, ఆగి,
మంచం పట్టీ గోకి గోకి
"పిల్లలు పైలం" అంటుండె.
ఆ రెండు మాటల నడుమ
ఎంత జాగ ఇడిసిపెట్టాల్నో నాకు ఎరుక.

పోశెట్టి అయితే ఏమీ చెప్పకపోవు.
పావుగంట ఊకె కూసుండి
బొటనవేలికి ఇంకు పూసుకొని
కాయిదం అడుగున ఒత్తేటోడు.
"గది సూస్తె మా లస్మికి నేనే అని తెలుస్తది."

ఫోన్లు వచ్చినయి.
చెప్పులు నా మంచం కాడికి రాలే.
రాత్రి లైటు బందైనంక దుప్పట్ల కింద
పన్నెండు గుసగుసలు.
నేనూ తక్కువోన్ని కాదు.
ఇంగ్లీషు అక్షరాలల్ల తెలుగును ఇరికించి పంపుడు,
ఏడ్పుకొక బొమ్మ, నవ్వుకొక బొమ్మ.
తమ్ముడు పెద్ద మెసేజ్ పెడితే
కిందికి జారి ఆఖరి లైను సూసుడు: ఎంత అడిగిండు?
ఒకనాడు భజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్క సదువుతాంటె
వేలు పెట్టి పైకి జరపబోయిన.
ఒట్టు.

మొన్న కాన్సులేటుల, భూమి కాయిదం పని.
"సొంత చేతితోని రాయుండ్రి" అన్నడు కౌంటరాయన.
ఋణం కోసం అని రాయాలె.
ఋ కాడ కలం ఆగింది.
కొమ్ము ఎటు తిరుగుతది? సున్న ఎన్నోది?
ఎనుక లైనుల ముప్పై మంది.
అప్పు అని రాసి బయటపడ్డ.

గిప్పుడు ఎండకాలం.
పన్నెండున్నర నుంచి మూడు దాక పని బందు.
షెడ్డు నీడల పోశెట్టి ఫోనుతోని మాట్లాడుతాండు.
లస్మితోని కాదు, ఉత్త ఫోనుతోనే.
మైకు బొమ్మ ఒత్తి ఒక మాట అంటడు,
అది ఎట్ల రాసిందో అద్దం దగ్గరికి పెట్టుకొని సూస్తడు.
"పైసల్ పంపిన అంటె, ఫైసల్ పంపిన అని రాసింది సారూ.
బిడ్డ సదివి చెప్పింది.
గా ఫైసల్ ఎవడని ఇంట్ల వారం దినాలు లొల్లి.
మక్క ఏసినవా అంటె మక్కా అంటది.
ఎవలింట్ల పెరిగిందో, మన మాట దీనికి రాదు."

అన్నడు, బొటనవేలు పెట్టి
మక్కా చివర దీర్ఘం తీసేసిండు.
అదే బొటనవేలు.
గోరు సందున గ్రీజు, అప్పట్ల ఇంకు ఉన్న జాగల.

నాకు ఏమో అయింది. కుళ్లో, సిగ్గో.
నేను రాసినప్పుడు గూడ తప్పులు పోయే ఉంటయి.
పట్టేటోడు లేకుండె, అంతే.
రాజన్న నడుం సంగతి
ఒక్క ఉత్తరంల నన్న రాసిన్నా?
ఆ నడుంతోనే ఇంటికి పోయిండు.

రెండు దిర్హాముల నోటుబుక్కు కొన్న.
పోశెట్టి పక్కన కూసొని ఋ దిద్దుతాన్న.
మొదటి వరుస కప్పల లెక్క ఉన్నది.
"గిదేం అక్షరం? నా ఫోన్ల సూడలే" అన్నడు.
చెప్పిన.
ఫోను నోటికాడ పెట్టుకొని "రునం" అన్నడు.
రుణం అని రాసిందది, ఋ లేకుండ.
"దానికి రాదు, నీకు రాదు.
మరి ఎవలకు వచ్చు సారూ?"

మూడు గొట్టింది.
చెమట పడి ఆఖరి ఋ అలికింది.
పుస్తకం హెల్మెట్ల పెట్టి లేవబోతే
ఆడు ఇంకా వంగి సూస్తాండు,
పెదవులు కదులుతున్నయి.