ఛుంచి

ముప్పై మూడేళ్ళు సూదులేసిన చెయ్యి ఇది.
కాశీనగరం ఆసుపత్రిలో, గుమ్మ సంతలో,
వంశధార పొంగిన ఏడు పడవలో కూడా.
బిడ్డ ఏడుపు అందుకునేలోగా పని అయిపోయేది.
రిటైరయ్యాక చెరువు కౌలుకి పట్టాను,
నీళ్ళకి టీకాలేటిలే అనుకుని.

జ్యేష్ఠంలో మొదటి బొచ్చె తేలింది.
పొట్ట ఉబ్బి, పొలుసు నిక్కి,
డొక్కలో రూపాయి బిళ్ళంత ఎర్ర పుండు.
మర్నాడు పదకొండు.
ఆ మర్నాడు లెక్క మానేశాను.

ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బరంపురం బస్సెక్కితే
కండక్టరు ముక్కు మూసుకుని
వెనక సీటు చూపించాడు.

ల్యాబులో కుర్రాడు, లడుకిశోర్,
తన ఒడియాలో నా తెలుగు కలుపుకుని చెప్పాడు:
"దీనికి పళ్ళు లేవు మౌసీ, గోళ్ళు లేవు.
ఛుంచి ఉంది."
చేప కణానికి ఆనుకుని నిలబడుతుందట,
ఒంట్లోంచే బోలు సూది సాగదీస్తుందట,
తను వండిన ప్రోటీన్లు అవతలికి ఎక్కిస్తుందట.
ఇక లోపల కావలివాడు కునుకు తీస్తాడు.
వాసాలు వాటంతటవే వదులవుతాయి.
ఇంకో ఈటె కూడా ఉందట,
పక్కనున్న క్రిమిని పొడవడానికి.

వింటూ నా బొటనవేలు చూసుకున్నాను,
నొక్కి నొక్కి కాయగాసిన చోటు.
అదే పని. అదే ఒడుపు.
నేనయితే "చీమ కుట్టినట్టే నాన్నా" అనేదాన్ని,
దూది రాసేదాన్ని.
అది ఏమీ అనదు.

"ఎప్పుడూ ఉంటుందా నీళ్ళలో?"
"ఎప్పుడూ. కొన్నే ఉన్నంతకాలం ఊరుకుంటాయి.
గుంపు పెరిగితే ఒకదాన్నొకటి పసిగడతాయి.
అప్పుడు..."
ఆగి, కాగితం మీద పెన్ను ఆనించి,
"ఎకరాకి ఎన్ని పిల్లలు వదిలారు?"

మూడు వేలు చాలన్నాడు సీడు అమ్మినోడు.
తొమ్మిది పోశాను.
"నాలుగు" అన్నాను కుర్రాడితో.
చుక్కలు వేయించామని నాతో బొంకిన తల్లులందరి గొంతు
అచ్చంగా అలాగే వచ్చింది నాకు.
అతను రాసుకున్నాడు.
తల ఎత్తలేదు. నేనూ అప్పట్లో ఎత్తేదాన్ని కాదు.

తిరిగొచ్చేసరికి మసక.
కరిగిన ఐసు చీర కుచ్చిళ్ళు తడిపింది.
గట్టు మీద సున్నం బస్తా, విప్పనిది.
నీటి పైకి నోళ్ళు తెరిచి
చేతులు పైకి మడిచి వరసకట్టిన బడిపిల్లల్లా
అన్నీ నా వైపే.
ఎవరి వంతు ముందో
నాకు తెలుసనుకుంటున్నాయి.