లాంతరుతో వచ్చినవాడు

(యన్‌తాయ్ రేవులో చదువు చెప్పుకు బతికిన చ్యూ బోయన్ మాటలు)

ఆయన ఎప్పుడూ చీకటి పడ్డాకే వచ్చేవాడు.
పగలంతా సుంకాల కచేరీలో
పట్టు తానులు, సేమియా మూటలు లెక్కపెట్టి
సిరా మరకల వేళ్ళతో, చేతిలో లాంతరుతో
మా గుమ్మం దగ్గర నిలబడి దగ్గేవాడు.
వాళ్ళ నోటికి పెటిఫర్. మా నోటికి పెయ్.

నేను నాలుగుసార్లు పరీక్ష తప్పినవాణ్ణి.
గంటకింత అని వెండి తీసుకుని
పాత కథలు చదివి వినిపించేవాణ్ణి:
నక్క కోడలై వచ్చి అత్త దగ్గుకు మందు నూరడం,
అప్పు ఎగ్గొట్టిన మామ
అప్పిచ్చినవాడి ఇంట్లో గాడిదై పుట్టడం,
బావిలో పడి పోయిన పిల్ల ఒకతె
పేద చదువరి అంగీకి రాత్రిపూట కుట్లు వేయడం.
ఆయన రాసుకునేవాడు.
ఆ అక్షరాలు వాన వెలిసిన నేల మీద
వానపాముల్లా అడ్డంగా పాకేవి.

ఒక రాత్రి కలం ఆపాడు.
"గ్వేయ్. ఈ మాటకు ఏం రాయను?
చచ్చి తిరిగేదానికి మాకొక మాట,
పట్టి పీడించేదానికి ఇంకొకటి,
నరకంలోనే పుట్టినదానికి మరొకటి.
ఈ పిల్ల ఏది?"

ఏం చెప్పను.
ఆ పిల్ల అంగీ కుట్టింది.
కుట్టినచోట తడి ఆరలేదు.

మాకు ఉన్నది ఒక్కటే మాట.
పొద్దున్న చేపల సందులో ఆయన వెంటపడి
పిల్లలు అరిచేదీ అదే:
సముద్రపు గ్వేయ్! సముద్రపు గ్వేయ్!
ఆయన తాగిన కప్పును మా ఆవిడ
వేన్నీళ్ళతో మూడుసార్లు తొలుస్తూ
పళ్ళ మధ్య నమిలేదీ అదే.
ఆయనకు తెలుసా?
ఆ అక్షరం మీద వేలు పెట్టి
పుస్తకంలోకి కాదు, నా ముఖంలోకి చూశాడు.

ఈ కథల్లో ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.
అర్ధరాత్రి, తలుపు చప్పుడు,
పాలిపోయిన ముఖం, ఊరుకాని యాస.
చదువరి పసిగడతాడు.
పసిగట్టీ పీట జరుపుతాడు,
దీపం వత్తి కాస్త ఎగదోస్తాడు.

నేను టీ పోశాను.

చాలాసేపు ఏమీ రాయలేదు.
తర్వాత చెల్లెలి సంగతి చెప్పాడు.
వాళ్ళ ఊరి చెరువు, పైన పలచని మంచు పలక,
పదకొండేళ్ళ పిల్ల.
మా భాషలోనే చెప్పాడు.
మా క్రియలకు నిన్నా రేపూ ఉండవు
అందుకని ఆ రాత్రి మా గదిలో
ఆ పిల్ల ఇంకా మునుగుతూనే ఉంది.

ఆకురాలు కాలంలో ఓడెక్కాడు.
రెండేళ్ళకు పుస్తకం వచ్చింది. ఆకుపచ్చ అట్ట.
ఒక్క ముక్క చదవలేను.
అందులో నా పేరుందో లేదో కూడా తెలీదు.
రేవులో దుబాసీ చేత ఆ కథ తీయించాను.
వాడు పెదవి విరిచాడు:
"తప్పు రాశాడు మాస్టారూ.
గ్వేయ్ అన్న ప్రతిచోటా
వట్టి 'పిల్ల' అని పెట్టాడు."

తెల్లారితే, కథల్లో,
అలాంటివాళ్ళు ఇచ్చిన వెండి
కాల్చిన కాగితపు బూడిదవుతుంది.
ఆయన ఇచ్చిన ఆఖరి నాణేలు
మా ఆవిడ ఉప్పు జాడీలో దాచింది.
అప్పుడప్పుడు, ఆమె లేనప్పుడు, మూత తీసి చూస్తాను.
వెండి వెండిగానే ఉంది.
అంచుల్లో కొంచెం నల్లబడింది.