దిగాల్సిన ఒడ్డు

చీటీ ఎత్తిన రాత్రి
డ్యూటీ బ్యాగులోంచి పాత వేబిల్లు తీసి
దాని వెనక సముద్రం రాయడం మొదలుపెట్టినాను.

చెన్నైలో విమానం ఎక్కితే
రెండు గంటల్లో దీవులంట.
మొత్తం ఆరు రోజులు. రానూ పోనూ రెండు పోతే
నాలుగు.
చిత్తూరు–పలమనేరు సర్వీసులో
పద్దెనిమిదేండ్లు స్టాపుల పేర్లు అరిచినదాన్ని,
ఈపొద్దు ఒడ్ల పేర్లు నేర్చుకుంటా ఉండాను.

ఎదురుగా మొగిలీశ్వర
నానేసిన అనపగింజలు పితుకుతా ఉండాడు.
గ్రానైట్ పాలిష్ మిషన్ దగ్గర ఇరవై రెండేండ్లు నిలబడి
కుడిచెవి పూర్తిగా, ఎడమచెవి ముప్పావు
రాళ్ళకే ఇచ్చేసి వచ్చిన మనిషి.
నా పెదాలు చూసి వింటాడు.
అందుకే లైటు కిందికి జరిగి చెప్తాను.

"ఏనుగుల బీచ్" అన్నాను.
పితికే చెయ్యి ఆగింది.
"ఏనుగుల్ని చూసేదానికి దుడ్లిచ్చి పోవాల్నా?
మా తమ్ముడి చెరుకుతోటకి పోతే
ఊరికే కనపడతాయి.
టపాసులు మనం కొనుక్కోవాల, అంతే."
అక్కడిప్పుడు ఏనుగుల్లేవంట, ఉత్త పేరేనంట, అన్నాను.
"లేని ఏనుగుకి భయపడేది ఇంకా కష్టం మే."
కొట్టేసినాను.

తర్వాత కాలాపత్థర్.
బీహారోళ్ళతో కలిసి పనిచేసినాడు, అర్థం నేను చెప్పే పనిలేదు.
అరచేతులు తిప్పి చూపించినాడు.
గీతల్లో ఇంకా బూడిదరంగు,
కడిగినా పోని కుప్పం నల్లరాయి.
ఎన్ని ఊర్ల వంటిండ్లలో గట్టయి పడుకోనుందో అది.
నేనేమీ అడగలేదు.
పెన్ను దానంతట అదే అడ్డంగా పోయింది.

రాధానగర్‌కి మాత్రం ఇద్దరం ఊఁ అన్నాం.
పక్కింటి చెంగమ్మక్క కోడలు చూసొచ్చింది.
ఇసుక బియ్యప్పిండి మాదిరి, మధ్యాన్నం కూడా కాళ్ళు కాలవంట.
ఒగసారి మొసలి వచ్చిందని బోర్డు పెట్టినారంట, అదీ చెప్పింది.
"మొసలికి బోర్డు చదవడం వచ్చునా?" అన్నాడు.

నీల్ దీవి కాడ చిక్కొచ్చి పడింది.
భరతపురం, లక్ష్మణపురం, సీతాపురం.
రామాయణమంతా ఒడ్డుకి కొట్టుకొచ్చినట్టుంది.
సీతాపురంలో పొద్దు పొడిచేది బాగుంటుందంట,
లక్ష్మణపురంలో గుంకేది.
రెండూ కావాలంటే ఆటో, ఇంకో రాత్రి గది.
చీటీ లెక్కలో ఒకటే పడతా ఉంది.

"పొడిచేది చూస్తానే ఉంటాను కదా,
నాలుగున్నర సర్వీసులో."
"గుంకేది చూసి ఎన్నాళ్ళయింది?"
సెకండ్ షిఫ్టులో బస్సు మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు
ఆ ఎరుపంతా డ్రైవరు కండ్లలో పడతాది.
నేను జనం వైపు తిరిగి
చిల్లర లేదంటే లేదని పోట్లాడతా ఉంటాను.
నా వీపుకి తెలిసుంటే తెలిసుండాల.

అప్పుడడిగినాడు, మెల్లిగా
(ఆయన మెల్లిగా మాట్లాడేది ఏడాదికి రెండుసార్లు):
"ఆడ అలలు పెద్దగా అరుస్తాయా?"

మెరీనా గుర్తొచ్చింది.
చెవి ఆపరేషన్‌కని పోయి,
చేసినా లాభం లేదని డాక్టరు చెప్పినాక
బస్సుకింకా మూడు గంటలుంటే చూద్దామని పోయినాం.
అందరూ అబ్బా ఏం హోరు, ఏం హోరు అంటా ఉంటే
ఆయన నీళ్ళకి వీపు చేసి
బజ్జీల బండిలో నూనె మరిగేది చూస్తా నిలబడినాడు.

వేబిల్లు మళ్ళీ చదివినాను.
లక్ష్మణపురంలో నీళ్ళు వెనక్కి పోతాయంట,
రాళ్ళ గుంతల్లో చిన్న చిన్న చేపలు మిగిలిపోతాయంట,
మోకాళ్ళ మీద వంగి
ఎంతసేపైనా చూడొచ్చంట.

ఆ పేరు కింద రెండు గీతలు. రెండు టికెట్లు.

"ఆడ దిగుదాం" అన్నాను.
"రైట్ చెప్పు మరి."
చెప్పినాను.
విజిలు కూడా వేసినాను, రాత్రి పదకొండుకి.
చెంగమ్మక్క ఇంట్లో లైటు వెలిగింది.
ఆయనకి వినపడిందో లేదో,
గిన్నెలో పప్పు మీది తొక్కలు ఏరుకుంటా
"ఊరగాయ విమానంలోకి రానిస్తారా?" అన్నాడు.