పన్నెండు వందలు

రాత్రి పదకొండూ పదికి
ట్యాంకరు ధర మార్చాను.
ఫారం నింపలేదు, ఎవరి అనుమతీ అడగలేదు.
వీధి గుమ్మం వదిలేసి
పెరటి గోడ దూకినట్టు
నేరుగా డేటాబేస్‌లోకి దిగి
ఒక్క వరసలో ఒక్క అంకె.
పన్నెండు వందలు కాస్తా
ఎనిమిదొందల యాభై.
ఒక వరస మారింది, అంది తెర.
తలరాత దిద్దినంత ధీమాగా
లాప్‌టాప్ మూసి పడుకున్నాను.

ఆరున్నరకు ఫోను.
పాణత్తూరు రైలు వంతెన దాటాక
ఒక అపార్ట్‌మెంటు గేటుకు అడ్డంగా ట్యాంకరు.
సెక్రటరీకి వచ్చిన బిల్లులో ఎనిమిదొందల యాభై,
చౌడప్ప ఫోన్లో పన్నెండు వందలు.
రెండూ మేం చెప్పినవే.
పైపు బిగించే ఉంది, వాల్వు తిప్పడు.
బాల్కనీలో ఎవరో
నోటినిండా పేస్టు నురగతో
కడుక్కోవడానికి నీళ్లు లేక
కిందికి చూస్తున్నారట.

"ఒకసారి మూసి తెరువు చౌడప్పా."
"మూస్తిని, తెరిస్తిని సామీ.
ఫోనే ఆపి మళ్లా ఏస్తిని."
ములబాగిలు తెలుగు, మంచులో దగ్గుతున్న ఇంజను.
"అది క్యాష్ గొడవలే."
"క్యాషెక్కడిది సామీ,
వాళ్లింకా రూపాయి ఈలే గదా!"

నవ్వు రాలేదు నాకు.
టేబుల్ తెరిచాను: ఎనిమిదొందల యాభై.
కమిట్ చేశానా? చేశాను.
వేరే సర్వరులో మార్చానా? లేదు.
నా తెర మీద కొత్త ధర,
అతని తెర మీద పాతది,
మధ్యలో కూచున్నాడు
నేను మరిచిపోయిన గుమాస్తా.

ప్రతిసారీ గోడౌనుదాకా నడవలేక
ఒకసారి చూసొచ్చింది కంఠస్థం చేసి
అడిగినవాడికల్లా టక్కున అప్పజెప్పేవాడు.
అబద్ధం ఆడలేదు పాపం.
నిన్న రాత్రి పదింబావుకి
అదే నిజం.
గుమ్మంలోంచి వస్తే
ఎవరో ఒకరు అతని చెవిన వేసేవారు.
గోడ దూకినవాణ్ని
అతను చూడనే లేదు.

గడువు ఇరవైనాలుగు గంటలు.
ఇంకా పదిహేనున్నర మిగిలాయి.
ఆ బాల్కనీ మనిషి అప్పటిదాకా ఆగడు.

మొత్తం తుడిచేద్దామని వేలు వెళ్లింది.
నజ్రీన్ మాట అడ్డొచ్చింది:
పొద్దుటిపూట అంతా తుడిచావంటే
నీళ్లడిగే ఊరు ఊరంతా
ఒకేసారి డేటాబేస్ మీద పడుతుంది,
ఒక్క ట్యాంకరు ఆగిందని
అన్నీ ఆపుతావా?

సరే, ఒక్క తాళంచెవే.
పాణత్తూరు, ఆరువేల లీటర్లు, ధర.
తొలగించు.
సున్నా తొలగాయి, అంది.
మళ్లీ కొట్టాను. సున్నా.
పేరులో ఒక హెచ్ తక్కువ.
ఎవరు రాశారో రెండేళ్ల కింద,
ఊరి పేరును తప్పుగా,
ఆ తప్పునే నేనూ రాస్తే
అప్పుడు అంది: ఒకటి.

"ఇప్పుడు చూడు."
అవతల కాసేపు ఇంజనే మాట్లాడింది.
"తగ్గింది సామీ," అన్నాడు
తన జేబే తగ్గినట్టు.
అది నిజమే. దానికి
నా దగ్గర ఏ కమాండూ లేదు.
తర్వాత ఇనుప చక్రం తిరిగిన కిర్రు,
సంపులో నీళ్లు పడుతున్న హోరు.

పెట్టేయబోతుంటే మళ్లీ అతనే:
"సామీ, వాచ్‌మన్ తిప్పేస్వామి ఒప్పుకోడు.
రిజిస్టర్లో పన్నెండు వందలని
నెలాఖరుదాకా ముందే రాసిపెట్టినాడు."

బాల్ పెన్నుతో, ఇరవై వరసలు.
ఆ పుస్తకానికి గడువు లేదు, తాళంచెవి లేదు,
కోరమంగలలో కూచున్న నా వేళ్లు
ఆ గేటుదాకా సాగవు.
"ఫోను ఆయనకివ్వు," అన్నాను.

వచ్చీరాని కన్నడంలో అంకె చెప్పాను.
"ఎంటునూర ఐవత్తా? యావాగ్నింద?"
నిన్నె రాత్రియింద.
అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు.
"నమగె యారూ హేళ్లిల్ల సార్."
కన్నడం రానివాడికీ
అర్థమయ్యే వాక్యం.

తప్పు నాదే, అన్నాను తెలుగులో.
ఫోను బల్ల మీద పెట్టినట్టున్నాడు,
నీళ్ల హోరులోంచి
కాగితం మీద పెన్ను గీసుకుపోతున్న చప్పుడు.
ఒక గీత. పేజీ తిప్పాడు. ఇంకో గీత.
నేను పెట్టేయకుండా విన్నాను,
లెక్క పెడుతూ.