సమ్మతి గడి

కొండ ఊళ్లో కుటుంబ న్యాయస్థానం, రెండో అంతస్తు.
అక్క ఒక గదిలో, తమ్ముడు ఇంకో గదిలో.
ఎదురుపడకుండా వంతులవారీగా పిలుస్తాం.
పదకొండు నెలల్లో వాళ్లు పోట్లాడకుండా పంచుకున్నది
నడవాలో నీళ్ల మిషను,
దాని పక్కన చెత్తబుట్ట.

నేను రాసేవాణ్ణి. మాట్లాడేవాణ్ణి కాదు.

ఫుసాకో గారు తల్లి మంచం పక్కన
పన్నెండేళ్లు నేలమీద పడుకున్నారు.
కన్‌జి గారు నగోయా నుంచి ఏడాదికోసారి
మిఠాయి పెట్టెతో దిగి
సాయంత్రం బండికే వెళ్లిపోయారు.
ఆ రాత్రుల్ని చట్టం లెక్కపెట్టింది.
పెట్టలేదని అనను.
ఇల్లు ఆమెకి,
కొండవాలు పెర్సిమన్ తోటలో సగం అతనికి.

చివరి రోజు అడిగారు: "సమ్మతమేనా?"
ఆమె కిటికీలోంచి నది మీది పొగమంచు చూసింది.
గడియారం చూసింది.
నా కలం చూసింది.
"షిబుషిబు" అంది.

షిబు అంటే వగరు.
పచ్చి పెర్సిమన్ కొరికితే
నాలుకకి ఉన్ని తొడిగినట్టుంటుందే, ఆ వగరు.
దాన్నే జంటగా అంటే,
నేను ఒప్పుకున్నాను గానీ
నా నోరింకా ఒప్పుకోలేదని.

అలక కాదది.
అలక్కి బతిమాలేవాళ్లుండాలి, తలుపు ఓరగా తీసుండాలి.
అక్కసూ కాదు.
అక్కసు పక్కవాడి కంచంలోకి చూస్తుంది,
ఆమె తన కంచంలోకే చూసుకుంటోంది.
ఉక్రోషమందామా అంటే కళ్లు పొడిగా ఉన్నాయి.

నా కాగితంలో ఉన్నవి రెండే గళ్లు.
మొదటిదాంట్లో రాశాను:
ఉభయులూ సమ్మతించారు.
క్రియా విశేషణాలకి మేం ముద్ర వెయ్యం.

మరుసటేడు నవంబరు చివర్లో
నకలు కావాలని వచ్చింది.
వేళ్లు నల్లగా ఉన్నాయి.
పెర్సిమన్ తొక్క తీసిన చేతులకి పట్టే నలుపు,
సబ్బుకి లొంగదు.
అడక్కుండానే చెప్పింది.
వాడు తన సగంలో నాలుగు చెట్లు కొట్టించి
కారు పెట్టుకోడానికి చదును చేయించాడని,
వానాకాలం దాటేసరికి
మోళ్లలోంచి చిగుళ్లు పొడుచుకొచ్చాయని.
"కసి మరిచిపోకపోతే
వేరులో పెట్టుకున్నాడంటాం కదా మనం.
చెట్లకీ ఆ మాట తెలిసినట్టుంది."
నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"తొక్కలు తీసే రోజుల్లో మాత్రం వస్తాడు.
చూరు కింద కూచుంటాడు, పలకడు, ఉలకడు.
కత్తి పట్టడం చేతకాదు,
తొక్కతోపాటు సగం కండా పోతుంది.
పోనీలెమ్మని ఊరుకుంటా."

పద్ధతి కాదని తెలుసు, అయినా ఉండబట్టలేక అడిగాను:
షిబుషిబుగానే వస్తారా ఆయన?

పిల్లాడి పలక మీద తప్పు తుడిచినట్టు తుడిచేసింది నా మాట.
"కాదు, వాడిది ఇయఇయ.
పసివాడు తల అడ్డంగా ఊపుతూనే
ముద్ద మింగుతాడే, అది.
షిబుషిబు నాది.
వాడికి టీ పోసేటప్పుడు."

దారాలకి కట్టి చూరుకి వేలాడదీస్తే
నెలన్నరకి తియ్యబడతాయట కాయలు.
వగరు ఎటూ పోదట మరి,
నాలుకకి అందకుండా
లోపల్లోపలే గడ్డకడుతుందట.
వాళ్లమ్మ చెప్పేదట.

రుసుం బిళ్ల అంటించి నకలు చేతికిచ్చాను.
నిలబడే చదివింది, వేలితో ఒక్కో వరుసా తడుముతూ.
'సమ్మతించారు' దగ్గర కాసేపు ఆగింది.
వేలు తీస్తే
ఆ మాటకి ముందున్న ఖాళీలో నల్లటి మరక.

ఇంకో నకలు తీసిస్తానన్నాను.
అక్కర్లేదంది.