పడిన చోటే

అక్టోబరు చివర, గ్రోనింగెన్‌కి ఉత్తరాన,
కాలవగట్టు మీద ఎదురుగాలి
నా సైకిల్‌ని చొక్కా పట్టుకుని వెనక్కి లాగుతున్న పూట
పదిహేడో నంబరు ఇంటికి ఒకే ఒక్క కరెంటు బిల్లు.

ఫ్రౌక్యే పచ్చిక మధ్యలో నిలబడి ఉంది.
భుజాన గుడ్డసంచి, కాళ్ళకి ఎవరో మగాడి బూట్లు.
గుప్పిట నింపుకుని, కళ్ళు మూసుకుని,
వెనక్కి విసిరేస్తోంది.
పిచ్చుకలకి గింజలనుకున్నాను.
కాదు, క్రోకస్ దుంపలు.
వెల్లుల్లి రెబ్బంత, పొట్టు ఊడుతూ,
అంగట్లో ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోని సరుకు.

"చేత్తో పేరిస్తే వరస కడతాయి,
వరస కడితే సమాధుల దొడ్డి" అంది.
"పడిన చోటే పాతాలి."
వేలెడు లోతు, మొన పైకి.
ఆమె మోకాలు మడత పడదు.
ఉత్తరాల సంచీతో సహా నేనే మట్టిలోకి దిగాను.

ఏడు కంచె దాటి పడ్డాయి.
అటుపక్క వుబ్బో.
కంచెమొక్కల కత్తిరింపు దగ్గర మాట తెగి నాలుగేళ్ళు;
అతని పార్శిల్ ఈమె పుచ్చుకోదు,
మర్నాడు మళ్ళీ నేనే మోసుకు రావాలి.
"ఆ ఏడూ?" అన్నాను.
"పడిన చోటే అన్నానుగా."
పోస్టువాడికి ఏ గేటైనా తెరుచుకుంటుంది.
వెళ్ళాను. దొంగలా, గబగబా, ఏడు పోట్లు.

ఫిబ్రవరిలో
కాలవ మీద మంచుపలకలు ఇంకా పళ్ళు నూరుతుండగా
ఫ్రౌక్యే నేల బోడిగా ఉంది.
ఎలుకలు. మూడొందల దుంపలు,
చలికాలమంతా పెళ్ళిభోజనం.

వుబ్బోకి ఓ బలిసిన పిల్లి ఉంది.
అతని పచ్చికలో ఊదారంగు గిన్నెలు,
లోపల నిప్పురవ్వంత నారింజ.
తప్పిపోయిన పిల్లల్ని చూసినట్టు వాటిని చూస్తూ
"ఇవెక్కడివి?" అన్నాడు నాతో.
"పోస్టులో రాలేదు" అన్నాను. అబద్ధం కాదు.

వుబ్బోకి శనివారమంటే గడ్డికోత.
ఏప్రిల్ వచ్చింది, మిషను మోగింది,
కానీ పూలు వాడిన చోట
కుర్చీపీటంత మేర కోయకుండా వదిలాడు,
ఆకులు పండి వాటంతటవే పడిపోయేదాకా.
ఎవరు చెప్పారో అతనికి.

ఈలోగా ఫ్రౌక్యే కిటికీలోంచి రోజూ లెక్క.
బిల్లు అందుకుంటూ నిలదీసింది:
"ఆరే వచ్చాయి.
ఒకటి తలకిందులుగా పాతావు కదూ?"

గుర్తు లేదు.
గాలి ఈసారి వెనకనుంచి తోస్తోంది.
"అదీ వస్తుంది," అరిచాను పెడల్ తొక్కుతూ,
"చుట్టు తిరిగి రావాలి కదా, ఆలస్యమౌతుంది."