కాచుకున్న నీళ్ళు

మా బండి కడుపులో ఆరు వేల లీటర్ల నీళ్ళు.
తాగేటివి కావు, పైరుకు పెట్టేటివి కావు,
కాచుకుని ఉండేటివి.
నేను చేరి ఆరేళ్ళు. కాచుకునే ఉండాయి.

కడప విమానాల గడ్డ మీద నా పని ఇది:
గంట మోగితే
బూట్లలోకి కాళ్ళు, వెండిరంగు కోటులోకి చేతులు,
రన్‌వే ఆ కొసకు మూడు నిమిషాల లోపల.
మూడంటే మూడే.
నాలుగో నిమిషం సంగతి అడిగితే
ట్రైనింగులో సారు ఏమీ చెప్పకుండా
సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు.

అప్పటినుంచి నాకు కాలం మూడు మూడుగానే కనపడతాది.
పొయ్యి మీద పాలు పొంగేది మూడు.
కొళాయి వచ్చి పొయ్యేలోపల నిండే బిందె, మూడు.
మా బీబీజాన్ అలిగి మళ్ళా మాట్లాడేది
అది మాత్రం ఏ లెక్కకూ రాదు.

పొద్దున్నే పరీక్ష.
ఓబుళేసు పైకెక్కి పిడి తిప్పితే
నీళ్ళు విల్లు మాదిరి లేచి అవతల పడతాయి.
కంచె బయట గొర్రెలాయన నిలబడిపోతాడు.
ఒకసారి అడిగినాడు:
“యాడ కాల్తాందయ్యా?”
“యాడా కాల్లేదు.”
“మరి?”
దానికి జవాబు మా రూల్సు పుస్తకంలో ఉంది,
నా నోట్లోకి రాలేదు.

నీళ్ళు పడినకాడ గడ్డి లేచింది.
గడ్డికి మిడతలు వచ్చినాయి.
మిడతలకు తీతువులు వచ్చినాయి.
తీతువు ఇంజనులోకి పోతే మా గంట మోగుతాది.
ఈ వరస కనుక్కున్న దినం
నేనూ ఓబుళేసూ పడీపడీ నవ్వినాం.
మళ్ళా నవ్వలేదు.

తీతువు అరిస్తే ఎవరో పోతారనేది మా జేజి.
తీతువు కనపడితే రాసి పంపమంటాది ఆఫీసు.
చదువులు వేరే, మాట ఒకటే.
టపాకాయలు పేలుస్తాం.
లేస్తాయి, తిట్టుకుంటా ఒక చుట్టు తిరిగి
పొద్దుగూకే యాళకు మళ్ళా అక్కడే.

మొన్న ఆషాఢం గాలిలో
టవర్ నుంచి మాట వచ్చింది:
ముందు చక్రానికి పచ్చ లైటు వెలగలేదు.
చక్రమే దిగలేదో, బల్బే చచ్చిందో
పైనున్నోనికీ తెలీదు, కింద మాకూ తెలీదు.
అరవైనాలుగు మంది,
ఆవగింజంత వెలుతురు కోసం
పాలకొండల మీద చుట్లు కొడతాండారు.

సీటు కింద లైఫ్ జాకెట్ ఉంటాదంట,
నీళ్ళలో పడితే ఊదుకోమని చెప్తారంట.
నేనెప్పుడూ ఎక్కలేదు, విన్నా.
కింద పెన్నమ్మ ఇసకలో
లారీ టైర్ల జాడలు.

గంట మోగకముందే బండెక్కినాం.
ఓబుళేసు తన పేరు పెట్టుకున్న నరసింహుణ్ణి పిలిచినాడు.
నేను అద్దంలోంచే పెద్ద దర్గా దిక్కు చూసినా.
వెనక ట్యాంకులో నీళ్ళు ఒక్కసారి కదిలినాయి,
నిద్రలో పక్కకు తిరిగినట్ల.

దిగింది.
చక్రం ఉండాది. బల్బే.
పెండ్లి గుర్రం వెనక పోయినట్ల
విమానం వెనకాల నిదానంగా పోయినాం.
దిగినోళ్ళలో ఒకాయన ఆలస్యానికి తిడతాండాడు,
ఒకామె చెప్పు తెగిందని వంగింది.
ఎవరి చంకలోనో పసిపిల్ల
మా బండిని చూసి “ఎర్ర ఏనుగు” అనింది.
అంతే.
పుస్తకంలో రాసినా:
బండి కదిలింది. నీళ్ళు వాడలేదు.

ఆ దినం నుంచి వాల్వు కారుతాంది.
నిమిషానికి ఇరవై చుక్కలు.
షెడ్డు సిమెంటు గుంతలో అరచేతంత నీళ్ళు,
అందులో ఈ పొద్దు ఒక తీతువు,
పసుపు కాళ్ళు, కంటి ముందర ఎర్రతోలు,
ముక్కు ముంచి తల పైకెత్తి మింగుతాంది.

వాల్వు సంగతి రాయాల.
పిట్ట సంగతి రాయాల.
పెన్ను మూత తీసినా.
అది నన్ను ఒక కంటితో చూసి
మళ్ళా వంగింది.

తాగనీ,
మూడు నిమిషాలు.
తర్వాత రాస్తా, రెండూ.